కాలు జారడం ఎవరి తప్పు?

'కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం' అని మన పెద్దలు సామెత చెబుతారు. ఆ పెద్దలెవరో తెలియదు గానీ వాళ్ళలో డెబ్బయ్యేళ్ళ ఆడవాళ్ళు లేరని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. డెబ్బయ్యో ఏట కాలు జారితే తీసుకోవడం అంత తేలిక కాదు. తుంటి ఎముక విరిగి మంచాన పడిన వాళ్ళలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు. కొందరు ఆ మంచం మీదే పోతారు.

తెలుగులో ఆడవాళ్ళకి కాలు రెండుసార్లు జారుతుంది. వయసులో ఉన్న పిల్ల గురించి 'కాలు జారింది' అంటే ఒక అర్థం. ముసలామె గురించి అంటే మరో అర్థం. మొదటిది శీలానికి సంబంధించింది, రెండోది ఎముకకి సంబంధించింది. కానీ రెండు చోట్లా తీర్పు ఒకటే: జారింది ఆమె, కాబట్టి తప్పు ఆమెది. శిక్షా ఒకటే: గడప దాటనివ్వకుండా ఇంట్లో కూచోబెట్టడం. మొదటి తీర్పు మీద మన ఉద్యమం నాలుగు దశాబ్దాలకు పైగా పోరాడుతోంది. రెండో తీర్పు ఒకటుందని మనం గుర్తించను కూడా లేదు. గుర్తించకపోవడమే కాదు, మన ఇళ్ళల్లో ఆ తీర్పు అమలు చేస్తున్నది చాలాసార్లు మనమే.

నా సంగతే చెబుతాను. మా అమ్మ సికిందరాబాదులో, పద్మారావు నగర్‌లో ఉంటుంది. ఆమెకి డెబ్బై నాలుగేళ్ళు. రెండేళ్ళ కిందట వరండాలో జారిపడి మణికట్టు ఎముక చిట్లింది. ఆస్పత్రిలో డాక్టరు కట్టు కట్టి, పక్కనే కూచున్న అమ్మతో కాకుండా నాతో మాట్లాడాడు. "పెద్దావిడ, జాగ్రత్తగా చూసుకోండి, ఎక్కువ తిరగనివ్వకండి" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చి అమ్మని మేడ మెట్లు ఎక్కొద్దన్నాను. సాయంత్రం పూట స్కందగిరి గుడికి నడిచి వెళ్ళడం మానిపించాను. కూరగాయలు ఇంటికే వచ్చే ఏర్పాటు చేశాను. స్త్రీల కదలికల మీద పితృస్వామ్యం పెట్టే ఆంక్షల గురించి ఏళ్ళ తరబడి క్లాసుల్లో చెప్పిన మనిషిని, సోషియాలజీలో డాక్టరేటు ఉన్నదాన్ని, చేసిన పని ఇది. దానికి నేను పెట్టుకున్న పేరు ప్రేమ.

తొమ్మిది నెలల తర్వాత ఒక పొద్దున అమ్మ మంచం మీంచి లేవబోతే కాళ్ళు నిలవలేదు. అట్లాగే నేలమీద చతికిలబడిపోయింది. అదృష్టం కొద్దీ ఏమీ విరగలేదు. మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఆ రోజు అడిగాను. "అమ్మా, చెయ్యి విరక్కముందు కూడా ఎప్పుడైనా పడ్డావా?" అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్ళమీద లెక్కపెట్టింది. అంతకు ముందు మూడేళ్ళలో నాలుగుసార్లు. ఒక్కటీ మాకు తెలియదు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేస్తారో ఇప్పుడు చేశారుగా."

ఈ వ్యాసం ఆ జవాబు లోంచి పుట్టింది. ఆ తర్వాత కొన్ని నెలలపాటు అమ్మ ఉండే వీధిలోనూ, చుట్టుపక్కల వారాసిగూడ, చిలకలగూడ వైపు తెలిసిన ఇళ్ళలోనూ అరవై, డెబ్బై దాటిన స్త్రీలతో మాట్లాడుతూ వచ్చాను. గుడి మండపంలో కూచునే వాళ్ళు, మనవల్ని బడి నుంచి తెచ్చుకునే వాళ్ళు, అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమే వాళ్ళు, రోడ్డుపక్క ఆకుకూరలు అమ్మే వాళ్ళు. ఇది సర్వే కాదు, శాతాలు ఇవ్వను. విన్నది చెబుతాను, దాని మీద నా వాదన చెబుతాను.

వాళ్ళకి తెలుసు

ముసలివాళ్ళకి పడకుండా ఎట్లా ఉండాలో 'నేర్పించాలి' అన్న భావనతోనే మన కార్యక్రమాలన్నీ మొదలవుతాయి. అవగాహన సదస్సులు, కరపత్రాలు, జాగ్రత్తల పట్టికలు. వాళ్ళకేమీ తెలియదన్నట్టు. నిజానికి పడకుండా ఉండడమెట్లా అన్నది ఆ వయసు స్త్రీలు రోజంతా చేసే ఆలోచన.

ఒకావిడ రాత్రిపూట బాత్రూముకి ఎడమచెయ్యి గోడకి ఆనించి నడుస్తుంది. చీకట్లో మంచం నుంచి తలుపు దాకా పదకొండు అడుగులని ఆమెకి లెక్క. ఇంకొకావిడ ఇంట్లో అందరికంటే ముందే స్నానం చేసేస్తుంది. మడి కోసమని కోడలు అనుకుంటుంది. అసలు కారణం వేరు. మిగతా వాళ్ళ స్నానాలయ్యాక నున్నటి టైల్స్ మీద సబ్బు జిడ్డు మిగిలిపోతుంది, దానిమీద కాలు నిలవదు. మరొకావిడ ఇంట్లో ఉన్నంతసేపూ చీర జానెడు పైకి కడుతుంది. మనవరాళ్ళు నవ్వుతారు. కుచ్చెళ్ళు కాళ్ళకి అడ్డంపడి ఒకసారి పడ్డానని ఆమె వాళ్ళకి చెప్పలేదు. ఆకుకూరలమ్మే పెద్దమ్మ కరెంటు స్తంభం పక్కనే బుట్ట దించుతుంది. బేరం కోసం కాదు, లేచేటప్పుడు పట్టుకోడానికి. బస్సెక్కే ముందు సంచీ పైనున్న వాళ్ళకి అందించి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని కడ్డీ పట్టుకునే ఆవిడ ఉంది. రోడ్డు దాటాల్సొస్తే కాలేజీ పిల్లలెవరైనా వచ్చేదాకా నిలబడి, అడక్కుండా, వాళ్ళ పక్కన చేరి దాటే ఆవిడ ఉంది.

దీన్ని ఇంట్లో వాళ్ళు చాదస్తం అంటారు. నేను దీన్ని జ్ఞానం అంటాను. తన శరీరమూ తన ఇల్లూ తన వీధీ ఎట్లా ఉన్నాయో, ఎక్కడ నమ్మొచ్చో ఎక్కడ నమ్మకూడదో రోజురోజుకీ పరీక్షించి కూడబెట్టుకున్న జ్ఞానం. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటని చరిత్రగా నిలబెట్టింది. పెద్దవయసు స్త్రీల మాటకి విలువ ఇవ్వడం మన ఉద్యమానికి అప్పుడే తెలుసు. కానీ వాళ్ళని గతం గురించే అడిగాం. ఇవాళ మేడ మెట్లు ఎట్లా ఎక్కుతున్నావని అడగలేదు.

అయితే ఈ జ్ఞానాన్ని నెత్తికెత్తుకుని ఊరుకోలేం. దానికి చెల్లిస్తున్న ధర చూడాలి. రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం ఏడు తర్వాత మంచినీళ్ళు మానేసిన వాళ్ళని కలిశాను. ఒంట్లో నీరు తగ్గితే పొద్దున్నే లేచేసరికి కళ్ళు తిరుగుతాయి, మళ్ళీ పడేది అప్పుడే. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళడం మానేసిన వాళ్ళని కలిశాను. "కొత్త ఇళ్ళల్లో గచ్చు అద్దంలా ఉంటుందమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అంది ఒకావిడ. పడకుండా ఉండే బాధ్యత అంతా ఒక్క మనిషి ఒంటిమీద వేస్తే, ఆ మనిషి చెయ్యగలిగింది ఇదే. తన జీవితాన్ని కొంచెం కొంచెంగా చిన్నది చేసుకోవడం.

దాచిపెట్టడం కూడా నివారణే

కుటుంబం దృష్టిలో ముసలామె పడటమంటే ఎముక, ఆస్పత్రి బిల్లు, సెలవు. ఆమె దృష్టిలో పడటమంటే ఇంకొకటి. అది ఒక ప్రకటన, ఇక ఈమె ఒంటరిగా ఉండడానికి పనికిరాదు అని. దాని వెనకాల వంటిల్లు పోతుంది, బీరువా తాళాలు పోతాయి, సొంత ఇల్లు పోయి కొడుకుల ఇళ్ళ మధ్య వంతులు మొదలవుతాయి. 'కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూచోక నీకెందుకు' అనే మాట అప్పటి నుంచి రోజూ వినబడుతుంది. మగవాళ్ళు పడరా అంటే, పడతారు. కానీ తాతగారు పడితే 'పాపం పడ్డారు' అంటారు. మామ్మ పడితే 'చెబితే వినదు' అంటారు.

కాబట్టి నేను మాట్లాడిన స్త్రీలకి నివారణ అంటే రెండు పనులు. ఒకటి పడకుండా ఉండడం. రెండు, పడిన వార్త బయటికి పొక్కకుండా చూసుకోవడం. కమిలిన చోట చీర కొంగు కప్పుకుంటారు. తలుపు తగిలిందంటారు. ఈ మాట మనకి కొత్త కాదు. మొగుడు కొడితే కూడా ఆడవాళ్ళు తలుపు తగిలిందనే చెబుతారు. నిజం చెబితే తమకే నష్టమని తెలిసిన వాళ్ళు చెప్పే అబద్ధం అది. ఆ అబద్ధాన్ని కౌన్సిలింగ్‌కి వచ్చిన యువతి ముఖంలో మనం వెంటనే పసిగడతాం. మన తల్లుల ముఖాల్లో పసిగట్టలేకపోయాం.

దీని ఫలితం వైద్యపరంగా కూడా తక్కువది కాదు. మొదటిసారి పడటం ఒక హెచ్చరిక. కళ్ళజోడు మార్చాలనో, బి.పి. మాత్ర మోతాదు ఎక్కువైందనో, నిద్రమాత్ర ఆపాలనో, కాళ్ళల్లో బలం తగ్గిందనో అప్పుడు తెలుసుకోవచ్చు. పడ్డానని చెప్పినందుకు శిక్ష పడే ఇంట్లో ఆ హెచ్చరిక ఎవరికీ చేరదు. అయిదోసారి ఎముక విరిగాక చేరుతుంది.

కూచోబెడితే పడరా?

కదలకుండా ఉంటే పడరన్నది పైకి లోకజ్ఞానంలా కనిపిస్తుంది. అది పచ్చి అబద్ధం. వాడని కండ కరిగిపోతుంది, వాడని కాలు తూలుతుంది. మా అమ్మ మంచం పక్కన పడింది తిరిగినందుకు కాదు, తొమ్మిది నెలలు తిరగనివ్వనందుకు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1997లో వెలువడిన ఒక పరిశోధన చూడండి. ఎనభై ఏళ్ళూ అంతకు పైబడిన 233 మంది స్త్రీలని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఇంటికొచ్చి కాళ్ళకి బలాన్నిచ్చే వ్యాయామాలూ తూలకుండా నిలబడే అభ్యాసమూ నేర్పి, నడవమన్నారు. ఏడాది తిరిగేసరికి మామూలుగా ఉన్న జట్టులో 152 సార్లు పడితే, వ్యాయామం చేసిన జట్టులో 88 సార్లు పడ్డారు. ఎనభై దాటిన వాళ్ళ సంగతి ఇది. మనం అరవై అయిదుకే కుర్చీ వేసి కూచోబెడుతున్నాం. ప్రపంచమంతటా జరిగిన ఇట్లాంటి పరిశోధనలని కలిపి 2019లో కొక్రేన్ సంస్థ చేసిన సమీక్ష, వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గుతాయని తేల్చింది. ఇక ఇంటి సంగతి. అదే న్యూజిలాండ్‌లోని తరనాకి ప్రాంతంలో ఇళ్ళకి చేతిపట్లు, మెట్లకి కడ్డీలు, మంచి దీపాలు, జారని అంచులు పెట్టించి చూశారు. 2015లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో పడి గాయపడటం 26 శాతం తగ్గింది.

ఈ రెండు పరిశోధనలనీ కలిపి చదివితే అర్థమయ్యేదేమిటి? మనిషిని కదలనివ్వాలి, ఇంటిని మార్చాలి. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం. ఇంటిని అట్లాగే ఉంచి మనిషిని కదలకుండా చేస్తున్నాం. ఇల్లు మార్చాలంటే డబ్బు ఖర్చు పెట్టాలి. ముసలామెని కూచోబెట్టడానికి ఒక కేక చాలు.

ఎముకలో రాసిన చరిత్ర

పడటం ఒక క్షణంలో జరుగుతుంది గానీ ఆ ఎముక విరగడానికి కావలసిన ఏర్పాట్లన్నీ నలభై ఏళ్ళుగా జరుగుతూ ఉంటాయి. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం. పాలు మొగుడికీ పిల్లలకీ, మజ్జిగ తేట తనకి. ఏకాదశులు, కార్తీక సోమవారాలు, శనివారాలు. వరసగా కాన్పులు. వీటన్నిటి లెక్కా ఎముకలో ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మన రెండు రాష్ట్రాలకీ ప్రత్యేకమైనది. గర్భసంచి తీసెయ్యడం. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతానికి గర్భసంచి తీసేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతానికి, తెలంగాణలో 7.7 శాతానికి తీసేశారు. చాలామందికి నలభై నిండకముందే. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, 'పిల్లలు పుట్టేశారుగా, ఇక సంచీ ఎందుకు' అని కోసేశారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే శరీరంలో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకని కాపాడేది ఆ హార్మోనే. ముప్పై అయిదో ఏట ఆపరేషన్ బల్ల మీద మొదలైన ఎముకల అరుగుదల అరవై అయిదో ఏట బాత్రూములో బయటపడుతుంది. అప్పుడు డాక్టరు 'వయసు మీద పడింది కదమ్మా' అంటాడు. వయసు కాదు, ఆపరేషన్ మీద పడింది.

కంటి సంగతీ ఇంతే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో డెబ్బై దాటిన స్త్రీల మీద జరిపి 2005లో ప్రచురించిన పరిశోధనలో, మొదటి కంటికి శుక్లం ఆపరేషన్ ఆలస్యం చెయ్యకుండా చేస్తే పడటాలు 34 శాతం తగ్గాయి. మన ఇళ్ళల్లో నాన్నగారి శుక్లం ముందు తీయిస్తారు, ఆయన పేపరు చదవాలి కాబట్టి. అమ్మ శుక్లం ఆగుతుంది. 'నాకేం చదువా సంధ్యా, ఇంట్లో తిరిగేదానికి ఈ చూపు చాల్లే' అని ఆమే అంటుంది. ఇంట్లో తిరగడానికే చూపు కావాలి. మెట్టు అంచు ఎక్కడుందో తెలియాలి.

ఎవరి గచ్చు, ఎవరి కాలు

ఇంతదాకా ఇంట్లో ఉండే స్త్రీల గురించి మాట్లాడాను. పద్మారావు నగర్‌లో ఒకప్పుడు షాబాదు బండలు పరిచిన ఇళ్ళుండేవి. బండ గరుకుగా ఉండేది, కాలు నిలిచేది. ఆ ఇళ్ళు ఒక్కొక్కటే కూలిపోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో పాలిష్ టైల్స్, గ్రానైట్ మెట్లు. వాటిని రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచేది అరవై దాటిన మరో స్త్రీ. చేతిలో బకెట్టు, కాళ్ళ కింద తడి, పట్టుకోడానికేమీ లేదు. యజమానురాలు నేల ఆరేదాకా సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూచుంటుంది. పనిచేసే స్త్రీకి ఆ ఆరే సమయం ఉండదు. ఇంకా మూడిళ్ళు చెయ్యాలి.

వారాసిగూడ నుంచి పనికొచ్చే ఒక పెద్దమ్మని పడ్డ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగితే ఇట్లా అంది: "పడ్డనని చెప్తే రేపటి సంది రావద్దంటరక్కా. ముసల్దైంది, పని శాతనైతలేదు అంటరు." మా అమ్మ స్వేచ్ఛ పోతుందని దాచింది. ఈమె కూలి పోతుందని దాచింది. ఇద్దరూ స్త్రీలే, ఇద్దరూ ముసలివాళ్ళే, కానీ ఇద్దరి పడటమూ ఒకటి కాదు. మా అమ్మకి విశ్రాంతి శిక్ష. ఈమెకి విశ్రాంతి ఎన్నడూ దొరకని హక్కు. పడకండి, జాగ్రత్తగా నడవండి అని ఇద్దరికీ ఒకే కరపత్రం పంచితే ఆ తేడా మాయమవుతుంది. ఇంటిపని కార్మికుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది. పనిచోట భద్రతా ఆరోగ్యమూ కూడా వాళ్ళ హక్కేనని అది చెప్పింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇంకొకరి బాత్రూములో జారి కాలు విరిగిన స్త్రీకి దొరికేది ఇంటావిడ దయ మాత్రమే, అది కూడా ఇంటావిడకి దయ ఉంటే.

విరిగాక అయిదు లక్షలు, విరక్కముందు?

పద్మారావు నగర్ పక్కనే గాంధీ ఆస్పత్రి ఉంది. ఒకప్పటి ముషీరాబాద్ జైలు స్థలంలో కట్టి 2003లో అక్కడికి మార్చారు. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఎముక విరిగితే తీసుకుపోవడానికి పెద్దాస్పత్రి నడిచే దూరంలో ఉన్న పేట ఇది. కానీ విరక్కముందు ఆ దూరం నడవగలరా? కాలిబాట ఉన్నచోట బళ్ళు ఉంటాయి. బళ్ళు లేనిచోట కార్లు ఎక్కడానికి ఇళ్ళవాళ్ళు పోసుకున్న ఏటవాలు సిమెంటు ఉంటుంది. అదీ లేనిచోట పైపుల కోసం తవ్వి సరిగా పూడ్చని గొయ్యి ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలలో కాలిబాట అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదనీ, నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ రాసి ఉంది. అంటే ఇంజనీర్లకి తెలుసు. తెలిసీ మోకాలెత్తు కాలిబాటలు కడుతున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి స్త్రీలకి బస్సు ప్రయాణం ఉచితం చేశారు. మంచిదే. కానీ బస్సు మొదటి మెట్టు ఎత్తు తగ్గలేదు. రెండో కాలు పైకి రాకముందే బస్సు కదిలిపోవడం ఆగలేదు. టికెట్టు తీసేస్తే సరిపోదు, మెట్టు దించాలి.

కేంద్ర ప్రభుత్వం 2024లో డెబ్బై దాటిన వాళ్ళందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం ఇస్తామంది. ఆ డబ్బు ఆస్పత్రిలో చేరితేనే వస్తుంది. తుంటి విరిగి లోహపు కీలు వేయించుకోడానికి రాజ్యం దగ్గర లక్షలున్నాయి. తుంటి విరక్కుండా బాత్రూములో చేతిపట్టు బిగించడానికి వందలు లేవు. పింఛను చూడండి. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ళ దాకా కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. తెలంగాణలో 2014లో వెయ్యి ఇచ్చారు, 2019లో 2,016 చేశారు. ఇందులో తిండి పోను, మందులు పోను, కాలు జారని చెప్పులు కొనుక్కునేది ఎంతమంది? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని అది నిర్వచించింది. నివాసమంటే నెత్తిమీద కప్పేనా? కాళ్ళ కింద నేల కూడా నివాసంలో భాగమేనని మనం వాదించాలి.

ఇదేమీ చిన్న సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది పడి చనిపోతున్నారు. అందులో 80 శాతానికి పైగా మనలాంటి పేద, మధ్య ఆదాయ దేశాలలోనే. 65 దాటిన వాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడతారని అదే సంస్థ 2007లో చెప్పింది. మన దేశంలో అరవై దాటిన స్త్రీలు 2011 జనాభా లెక్కల నాటికే అయిదు కోట్ల ముప్పై లక్షలు.

రెండు అభ్యంతరాలు

ఈ మాటలన్నీ ఒక సమావేశంలో చెబితే ఒక మిత్రురాలు అంది, "ముసలాళ్ళే ఒప్పుకోరు కదా. చేతికర్ర ఇస్తే పట్టుకోరు, గోడకి కడ్డీ పెడతామంటే వద్దంటారు" అని. నిజమే, వద్దంటారు. ఎందుకంటారో అడిగామా? కర్ర పట్టుకుని వీధిలోకి వస్తే 'అయ్యో, ఇట్లా అయిపోయారేంటి' అని పది మంది ఆపి అడుగుతారు. కడ్డీ వద్దనేది 'నా కోసం ఇప్పుడు ఖర్చెందుకు' అని. పుట్టినప్పటి నుంచి తన కోసం ఖర్చు దండగని నేర్పి, డెబ్బయ్యో ఏట తన కోసం అడగడం లేదని తప్పు పడితే ఎట్లా? ఆ సిగ్గూ ఆ మొహమాటమూ ఆమె స్వభావం కాదు. అవి మనం రోజూ విమర్శించే భావజాలమే.

ఇంకో అభ్యంతరం: అత్యాచారాలు, హత్యలు, కులదాడులు జరుగుతుంటే బాత్రూము కడ్డీల గురించా మనం మాట్లాడేది? ఇట్లాంటి మాట మనం ఇంతకు ముందూ విన్నాం. ఇంటిచాకిరీ గురించి మాట్లాడితే అన్నారు, గర్భనిరోధక ఇంజెక్షన్ల గురించి మాట్లాడితే అన్నారు. నెట్-ఎన్ ఇంజెక్షన్ మీద 1986లో స్త్రీశక్తి సంఘటన, సహేలీ మొదలైన సంఘాలు సుప్రీంకోర్టుకి వెళ్ళినప్పుడు స్త్రీ ఆరోగ్యం రాజకీయ విషయమని నిలబెట్టాయి. కానీ మన ఆరోగ్య రాజకీయం గర్భసంచి చుట్టూనే తిరిగింది. గర్భసంచి పోయిన తర్వాత కూడా స్త్రీకి ఇంకా ముప్పై, నలభై ఏళ్ళ బతుకుంటుంది. ఆ బతుక్కి మన దగ్గర రాజకీయం లేదు.

మనం ఏం చేయాలి

ముందు మన ఆఫీసులు చూసుకుందాం. మన సంఘాల ఆఫీసుల్లో ఎన్ని లిఫ్టు లేని రెండో అంతస్తులో ఉన్నాయి? మన సభలకి ఎన్నిటికి చేతిపట్టున్న వేదిక ఉంది? పాత కార్యకర్తలు ఈమధ్య రావడం లేదని వాపోతాం. వాళ్ళకి ఓపిక తగ్గిందనుకుంటాం. మెట్లు ఎక్కలేక రావడం లేదేమో ఎవరైనా అడిగారా?

రెండోది, సదస్సు పెట్టి చెప్పడం మానేసి వినడం మొదలుపెడదాం. ఒక్కో వీధిలో పది మంది పెద్దవయసు స్త్రీలతో కలిసి నడుద్దాం. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ దేన్ని పట్టుకుంటారో, ఎక్కడికి రావడం మానేశారో వాళ్ళే చూపిస్తారు. ఆ పటం గీసి మున్సిపాలిటీ వార్డు ఆఫీసు ముందు పెడదాం. చెప్పుకున్న కష్టం కన్నా గీసిన పటానికి జవాబు దాటవెయ్యడం అధికారులకి కష్టం.

మూడోది, డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వృద్ధుల ఆరోగ్య పథకాల డబ్బులో ఇంటి మార్పులకి వాటా. శుక్లం ఆపరేషన్లలో స్త్రీలకి జరుగుతున్న ఆలస్యం మీద లెక్కలు బయటపెట్టడం. అనవసరంగా గర్భసంచులు తీసే ఆస్పత్రుల మీద తనిఖీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 'ఈ ఏడాది ఎప్పుడైనా పడ్డారా' అన్న ప్రశ్న, దాన్ని కొడుకునో కూతురినో కాకుండా ఆమెనే అడగడం. ఇంటిపని కార్మికులకి పనిచోట జరిగే ప్రమాదాలకి పరిహారం. మార్గదర్శకాల్లో రాసిన ఎత్తులో కాలిబాటలు, అందుకోగలిగే ఎత్తులో బస్సు మెట్లు.

నాలుగోది ఇంట్లో, మనం మాత్రమే చెయ్యగలిగింది. పడ్డానని చెప్పిన స్త్రీకి శిక్ష వెయ్యకపోవడం.

మా ఇంట్లో మేడ మెట్లకీ బాత్రూముకీ కడ్డీలు పెట్టించాం. ఏ ఎత్తులో పెట్టాలో నేను టేపు పట్టుకుని వెల్డింగు అతనికి చెబుతుంటే అమ్మ ఆపింది. లేచేటప్పుడు తన చెయ్యి ఎక్కడికి పోతుందో చూపించి, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టింది. నేను చెప్పిన దానికి బెత్తెడు కింద. ఇప్పుడు రోజూ సాయంత్రం మేడెక్కుతోంది. గుడికీ వెళ్తోంది, ఆ గోతుల రోడ్డు మీదే. రేపు మళ్ళీ పడొచ్చు, ఆ భయం నాకు పోలేదు. కానీ పోయిన నెల గుమ్మం దగ్గర తూలి పడబోయి నిలదొక్కుకున్న సంగతి నేను అడక్కుండానే చెప్పింది.